మేలు చేసిన బూజు - పెనిసిలియం రూబెన్స్

మన తెలుగులో 'బూజు' అనే మాటకు గౌరవం తక్కువ. పండుగకు ముందు ఇంటి మూలలు దులిపినప్పుడు రాలేదీ బూజే. వానాకాలంలో తోలు చెప్పుల మీదా, తడిచెయ్యి తగిలిన ఊరగాయ జాడీలోనూ తెల్లగా, పచ్చగా మొలిచేదీ బూజే. మొదటిది సాలెపురుగు అల్లిన గూటికి దుమ్ము పట్టగా ఏర్పడినది. రెండవది ప్రాణమున్న జీవి. రెండింటికీ ఒకే పేరు పెట్టి, రెండింటినీ ఒకే చీపురుతో ఊడ్చివేయడం మనకు అలవాటు. కాలం చెల్లిన ఆలోచనలను 'బూజు పట్టిన భావాలు' అంటాము. మన కళాశాలలోని ఉర్దూ మిత్రులు ఈ రెండవ బూజునే 'ఫఫూందీ' అంటారు. ఆ భాషలో కూడా ఆ మాటకు పెద్ద మన్నన ఉన్నట్లు కనిపించదు.

ఇంతగా చిన్నచూపు చూడబడిన ఈ జీవకోటిలోని ఒక జాతి ఇరవయ్యవ శతాబ్దంలో కోట్లాది మానవుల ప్రాణాలను నిలిపినది. దాని శాస్త్రీయ నామం పెనిసిలియం రూబెన్స్. పెనిసిలిన్ అనే మందు పేరు వినని విద్యార్థి ఉండడు. ఆ మందును తయారుచేసిన జీవిని గురించి తెలిసినవారు మాత్రం బహు కొద్దిమంది. దాని లక్షణాలు ఏమిటి, అది ఎక్కడెక్కడ నివసిస్తుంది, దాని పరిరక్షణ స్థితి ఏమిటి అనే మూడు విషయాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

'పరిరక్షణ' అనగానే మనకు నల్లమల పెద్దపులీ, నంద్యాల జిల్లా రోళ్లపాడు బట్టమేక పిట్టా గుర్తుకు వస్తాయి. బూజుకు పరిరక్షణ ఏమిటి, పొమ్మన్నా పోనిది కదా అని పాఠకులు నవ్వవచ్చును. ఆ నవ్వుకు సమాధానం వ్యాసం చివరకు గాని దొరకదు. అంతవరకు ఓపిక పట్టవలసినదిగా మనవి.

బూజు అంటే ఏమిటి?

బూజులు శిలీంధ్రాల కోవకు చెందినవి. పూర్వపు పాఠ్యగ్రంథాలు శిలీంధ్రాలను మొక్కలలో చేర్చి బోధించేవి. 1969లో విట్టేకర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన ఐదు రాజ్యాల వర్గీకరణలో వాటికి ప్రత్యేక రాజ్యం లభించినది. ఇది న్యాయమైన విభజనే. శిలీంధ్రాలలో పత్రహరితం లేదు కనుక అవి మొక్కలవలె సూర్యరశ్మితో ఆహారాన్ని వండుకోలేవు. జంతువులవలె మింగి లోపల జీర్ణం చేసుకోవు. అవి తమ ఎంజైములను ఆహారం మీదికి స్రవించి, వెలుపలనే జీర్ణం చేసి, కరిగిన సారాన్ని పీల్చుకుంటాయి. రొట్టెముక్క మీద పెరిగే బూజుకు ఆ రొట్టెయే పొలం, ఆ రొట్టెయే వంటిల్లు.

ఇంతవరకు శాస్త్రజ్ఞులు వర్ణించి పేరు పెట్టిన శిలీంధ్ర జాతులు సుమారు లక్షన్నర. ప్రపంచంలో ఉన్నవి ఇరవై ఐదు లక్షల వరకు ఉండవచ్చునని ఇటీవలి అంచనా. అనగా మనకు పేరు తెలిసిన ప్రతి ఒక్క శిలీంధ్రానికి పేరు తెలియనివి పదిహేను ఉన్నవన్నమాట.

ఆకారం, లక్షణాలు

పెనిసిలియం అనే ప్రజాతికి 1809లో లింక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పేరు పెట్టినాడు. లాటిన్ భాషలో ఆ మాటకు మూలం 'చిన్న కుంచె'. సూక్ష్మదర్శినిలో చూసినవారికి ఆ పేరులోని ఔచిత్యం వెంటనే బోధపడుతుంది. ఈ ప్రజాతిలో నేడు నాలుగు వందలకు పైగా జాతులు గుర్తింపబడినవి. వాటిలో ఒకటి మన రూబెన్స్.

ప్రయోగశాలలో అగార్ పళ్లెం మీద పెంచినప్పుడు ఇది మొదట తెల్లని నూలుపోగులవలె పరుచుకుంటుంది. ఈ పోగులే శిలీంధ్ర తంతువులు. వాటి అల్లిక శిలీంధ్రజాలం. కొద్ది రోజులకు నడిమి భాగం నీలిఛాయ గల ఆకుపచ్చ రంగుకు తిరిగి మఖమల్ గుడ్డవలె కనిపిస్తుంది. అంచు మాత్రం తెల్లగానే ఉంటుంది. పైభాగాన పసుపుపచ్చని చిన్న చిన్న బిందువులు చెమటవలె నిలుస్తాయి. పళ్లెం తిరగవేసి చూస్తే అడుగు భాగం కూడా తరచుగా పసుపు రంగులోనే ఉంటుంది.

ఆ ఆకుపచ్చ రంగు తంతువులది కాదు, వాటి మీద పుట్టిన కొనిడియంలనే సిద్ధబీజాలది. తంతువు నుండి నిటారుగా లేచిన కాడ రెండు మూడు అంచెలుగా కొమ్మలు వేస్తుంది. ప్రతి కొమ్మ చివర సీసా ఆకారంలో కణాలు గుత్తిగా నిలబడతాయి. ప్రతి సీసా మూతి నుండి కొనిడియంలు ఒకదాని తరువాత ఒకటి పుట్టి పూసల దండవలె వేలాడతాయి. మొత్తం మీద అది సున్నం వేసే కుంచెవలె ఉంటుంది. ఒక్కొక్క కొనిడియం వ్యాసం ఇంచుమించు మూడు మైక్రోమీటర్లు. అంటే మూడు వందల కొనిడియంలను వరుసగా పేర్చినా ఒక మిల్లీమీటరుకు కొంచెం తక్కువే. ఇంత తేలికైన బీజానికి గాలియే వాహనం. కిటికీ తెరిచినా, దుప్పటి విదిలించినా అది ప్రయాణం కడుతుంది.

ఈ జాతికి ఇరవై మూడు, ఇరవై ఐదు డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఎక్కువ అనుకూలం. చల్లని చోట కూడా నెమ్మదిగా పెరుగగలదు. మన శరీరపు వేడి దానికి అంతగా నచ్చదు. ఈ చిన్న విషయాన్ని విద్యార్థులు గుర్తు పెట్టుకోవాలి. వైద్యశాస్త్ర చరిత్ర ఒకసారి దీనిమీదనే తిరిగినది.

చాలా కాలం వరకు ఈ శిలీంధ్రానికి అలైంగిక ప్రత్యుత్పత్తి మాత్రమే కలదని భావించారు. 2013లో జర్మనీ శాస్త్రజ్ఞులు దీనిలో రెండు విరుద్ధ లైంగిక రకాలు ఉన్నవనీ, తగిన పరిస్థితులు కల్పిస్తే అవి సంయోగం చెందుతాయనీ నిరూపించారు. శతాబ్ద కాలం కళ్ల ముందు పెంచిన జీవిలో కూడా మనకు తెలియని జీవితం ఉన్నదని ఇది తెలియజేస్తున్నది.

పెనిసిలిన్ ఎందుకు, ఎట్లా?

శిలీంధ్రం దాని ఆహారంలోని సులభమైన చక్కెర ఉన్నంతవరకు పెరుగుదల మీదనే శ్రద్ధ చూపుతుంది. చక్కెర తగ్గి పెరుగుదల మందగించిన తరువాతనే పెనిసిలిన్ తయారీకి పూనుకుంటుంది. మూడు అమైనో ఆమ్లాలను ఒక దండగా కూర్చి, దానిని మడిచి ఒక నాలుగు మూలల వలయం చేస్తుంది. ఆ వలయమే మందులోని ఆయువుపట్టు.

బాక్టీరియా కణానికి చుట్టూ గట్టి కవచం వంటి గోడ ఉంటుంది. కణం పెరిగి రెండుగా చీలేటప్పుడు ఆ గోడను కొత్తగా కట్టుకోవాలి. ఇటుకకూ ఇటుకకూ నడుమ బంధం వేసే ఎంజైమును పెనిసిలిన్ పట్టుకొని కదలనివ్వదు. గోడ బలహీనమై, లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. మానవ కణాలకు ఇటువంటి గోడ లేదు కనుక ఆ దెబ్బ మనకు తగలదు. కొందరి శరీరానికి మాత్రం పెనిసిలిన్ సరిపడక ప్రమాదం కలుగుతుంది. అందుకనే వైద్యులు విచారించిన తరువాతనే దానిని ఇస్తారు. గోడ కట్టుకుంటున్న బాక్టీరియా మీదనే ఈ మందు పనిచేస్తుందన్న మాటను కూడా విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

పేరు మారిన కథ

ఈ బూజుకు పేర్ల చిక్కు చాలా ఉన్నది. 1928లో దానిని పట్టుకున్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్‌కు అదే ఆసుపత్రిలోని శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు లా టూష్ అది పెనిసిలియం రూబ్రం అని చెప్పినాడు. తరువాత అమెరికాలో చార్లెస్ థామ్ పరిశీలించి అది పెనిసిలియం నొటేటం అని సవరించినాడు. అటు పిమ్మట నొటేటం, క్రైసోజినం అనేవి ఒకే జాతి అని నిర్ణయించి, క్రైసోజినం పేరును స్థిరపరచారు. మన పాఠ్యగ్రంథాలలో చాలావాటిలో ఈ రెండు పేర్లే కనిపిస్తాయి. 2011లో హూబ్రాకెన్, ఫ్రిస్వాడ్, సామ్సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు జన్యు పరీక్ష చేసి, ఫ్లెమింగ్ బూజు క్రైసోజినం కాదనీ, 1923లో బియుర్జ్ వర్ణించిన రూబెన్స్ అనే జాతి అనీ నిర్ధారించారు. బూజు మాత్రం మొదటి నుండీ అదే. మారినది మన పరిజ్ఞానం.

వ్యాప్తి

ఈ జాతి ఫలానా దేశానిదని చెప్పడానికి వీలులేదు. నేల, కుళ్లిన పండ్లు, రొట్టె, గింజలు, జున్ను, చెమ్మ పట్టిన గోడలు, గోడకాగితం, పరుపులలోని దుమ్ము - ఇవి అన్నీ పెనిసిలియం రూబెన్స్‌కూ, దాని దగ్గరి బంధువైన క్రైసోజినంకూ నివాసాలే. ఇంటిలోపలి గాలిలో సర్వసాధారణంగా దొరికే బూజులలో ఇవి లెక్కింపబడతాయి. ఉప్పదనాన్నీ, నీటి కొరతనూ కొంతవరకు తట్టుకోగలవు. భూమి చుట్టూ తిరిగిన రష్యా వారి 'మీర్' అంతరిక్ష కేంద్రంలో కూడా క్రైసోజినం కాపురం పెట్టినది. మానవుడు ఎక్కడ గూడు కట్టుకుంటే అక్కడికి అది కూడా వచ్చి చేరుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రొట్టె మీది పచ్చని బూజంతా ఈ జాతి కాదు. ఈ జాతి అయినా తినదగినది కాదు. పెనిసిలియం ప్రజాతిలోనే విషపదార్థాలు తయారుచేసేవి ఎన్నో కలవు. మన రాయలసీమ రైతుకు పరిచయమైన వేరుశనగ బూజు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ కాలేయానికి కీడు చేసే అఫ్లటాక్సిన్ అనే విషాన్ని కలిగిస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించిన దుర్ఘటన ఈ విషం వల్లనే సంభవించినది. బూజులలో మిత్రులున్నారు, శత్రువులున్నారు. కంటితో చూచి వారిని వేరుచేయడం మన తరం కాదు.

ఒక పళ్లెం నుండి ప్రపంచానికి

1928 వేసవి సెలవులు గడిపి సెప్టెంబరు మొదట్లో ఫ్లెమింగ్ లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి ప్రయోగశాలకు తిరిగి వచ్చినాడు. స్టాఫిలోకాకస్ బాక్టీరియా పెంచిన పళ్లేలలో ఒకదానికి బూజు పట్టి ఉన్నది. ఆ బూజు చుట్టూ బాక్టీరియా కరిగిపోయి స్వచ్ఛమైన వలయం ఏర్పడినది. మరొకరైతే పళ్లెం పాడైనదని పారవేసేవారు. ఆయన పారవేయలేదు.

ఈ సంఘటనను తరువాత పరిశీలించిన రోనాల్డ్ హేర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక చక్కని వివరణ ఇచ్చినాడు. ఆ సెలవుల మొదటి రోజులలో లండన్ చల్లగా ఉన్నది. చలికి బాక్టీరియా నిద్రించగా బూజు పెరిగినది. తరువాత ఎండ కాసినప్పుడు బాక్టీరియా పెరగడం మొదలుపెట్టినది. అప్పటికే బూజు వదిలిన పెనిసిలిన్ వాటి కోసం కాచుకొని ఉన్నది. పెరిగే బాక్టీరియా మీదనే మందు పనిచేస్తుందనీ, బూజుకు చల్లదనం ఇష్టమనీ మనం పైన చెప్పుకొన్న రెండు విషయాలు ఇక్కడ కలిసినవి. ఆ నెల ఎండలు ముందే కాచి ఉంటే ఆ వలయం కనిపించేది కాదు.

ఫ్లెమింగ్ 1929లో తన పరిశీలనను ప్రచురించినాడు. కాని మందును శుద్ధి చేయడం ఆయనకు సాధ్యపడలేదు. పదేళ్లు గడిచినవి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్ ఆ పాత వ్యాసాన్ని చదివి పని ప్రారంభించారు. వారికి బూజు ఎక్కడ దొరికినది? తమ ప్రయోగశాలలోనే. పూర్వం అక్కడ ఆచార్యుడైన జార్జ్ డ్రేయర్ కాలంలో తెప్పించిన ఫ్లెమింగ్ బూజును ఎవరో ఒకరు కొత్త ఆహారం మీదికి మారుస్తూ, చావకుండా కాపాడుతూ వచ్చారు. ఇంత పెద్ద ప్రయోజనం కలుగుతుందని ఊహించి వారు ఆ పని చేయలేదు. గాజుగొట్టంలో ఉన్న ప్రాణిని చంపకూడదన్న ప్రయోగశాల క్రమశిక్షణ వారిది.

1940 మే 25న ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన బాక్టీరియాను ఎక్కించి, నాలుగింటికి మాత్రం పెనిసిలిన్ ఇచ్చారు. మరునాటి ఉదయానికి మందు ఇవ్వని నాలుగూ చనిపోయినవి. మందు పుచ్చుకున్న నాలుగూ బ్రతికి ఉన్నవి. యుద్ధకాలం కనుక పాత్రలు దొరకక, ఆసుపత్రి రోగుల మలపాత్రలలో కూడా నార్మన్ హీట్లీ బూజును పెంచినాడు. ఆ వేసవిలో జర్మనీ సేనలు ఇంగ్లండు మీదికి దిగుతాయేమోనన్న భయం కలిగినప్పుడు, ఆ శాస్త్రజ్ఞులు ఈ బూజు సిద్ధబీజాలను తమ కోటుల లోపలి గుడ్డకు రుద్దుకున్నారు. ప్రయోగశాల ధ్వంసమైనా, వారిలో ఒక్కరు తప్పించుకొని బయటపడినా బూజు బ్రతుకుతుందని వారి ఆలోచన. ఒక జీవి పరిరక్షణ కోసం మానవులు చేసిన ప్రయత్నాలలో ఇంతకంటె నిరాడంబరమైనది మరొకటి కనిపించదు.

1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు ఉద్యోగికి ఈ మందు ఇచ్చారు. ముఖమంతా చీము పట్టి మరణానికి చేరువైన ఆయన నాలుగైదు రోజులలో తేరుకొని భోజనం చేయసాగినాడు. ఇంతలో మందు అయిపోయినది. ఆయన మూత్రం నుండి కూడా పెనిసిలిన్‌ను తిరిగి వెలికితీసి ఇచ్చారు. అదీ చాలలేదు. మార్చి 15న ఆయన మరణించినాడు. మందు సరియైనదే, ఆ బూజు ఇచ్చే పరిమాణం చాలలేదు.

అందుచేత ఫ్లోరీ, హీట్లీ ఆ ఏడే అమెరికా వెళ్లినారు. ఇల్లినాయి రాష్ట్రంలోని పియోరియా పట్టణపు ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనశాలలో మొక్కజొన్న నానబెట్టిన నీటిని బూజుకు ఆహారంగా ఇస్తే దిగుబడి ఎన్నో రెట్లు పెరిగినది. ఇంకా మంచి బూజు కోసం లోకమంతటి నుండి మట్టి నమూనాలు తెప్పించి వెదికారు. చివరకు 1943లో అది అదే ఊరి బజారులో, కుళ్లిన ఖర్బూజా పండు మీద దొరికినది. ఆ వంశాన్ని ఎక్స్ కిరణాలకూ, అతినీలలోహిత కిరణాలకూ గురిచేసి మరింత ఫలవంతం చేశారు. నేటి కర్మాగారాలలోని బూజు ఫ్లెమింగ్ బూజు కంటె వేల రెట్లు ఎక్కువ పెనిసిలిన్ ఇస్తున్నది. అదంతా ఆ ఒక్క ఖర్బూజా సంతానమే. 1945లో ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్ ముగ్గురికీ నోబెల్ బహుమానం లభించినది.

మన దేశంలో

మన దేశంలో పూనా సమీపాన పింప్రీలో 1954లో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి, మరుసటి ఏడు పెనిసిలిన్ ఉత్పత్తి ప్రారంభించినది. కాలక్రమాన విదేశాల నుండి చవకగా సరుకు రావడంతో మన దేశంలో ఈ పరిశ్రమ క్షీణించినది. మళ్లీ 2024లో మన కాకినాడ జిల్లాలోనే పెనిసిలిన్-జి తయారుచేసే పెద్ద కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టినది. పియోరియా బజారు పండు మీది బూజు విద్య గోదావరి తీరానికి చేరడానికి ఎనభై ఏళ్లు పట్టినది.

తెలుగువారు గర్వించదగిన మరొక విషయం కలదు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించి, కొత్త సూక్ష్మజీవినాశకాల అన్వేషణను నడిపించినారు. 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. ఆ ఏడు ఆగస్టులోనే ఆయన కన్నుమూసినారు. 1953లో హెసెల్‌టైన్ అనే శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు మురుగునీటిని శుద్ధిచేసే రాళ్లపడక మీద దొరికిన కొత్త బూజు ప్రజాతికి ఆయన జ్ఞాపకార్థం 'సుబ్బరోమైసిస్' అని పేరు పెట్టినాడు. విగ్రహాలు, వీధుల పేర్లు ఎందరికో ఉండవచ్చును. ఒక జీవి ప్రజాతికి తన పేరు శాశ్వతంగా నిలవడం ఎంతమందికి దక్కుతుంది?

పరిరక్షణ స్థితి

ఇక మొదట నవ్విన పాఠకులకు సమాధానం. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రమాదంలో ఉన్న జీవుల ఎర్ర జాబితాను ప్రకటిస్తుంది. 2025 మార్చిలో ఆ జాబితాలో మదింపు జరిగిన శిలీంధ్రాల సంఖ్య 1,300కు చేరినది. వాటిలో కనీసం 411 అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవని తేలినది. పేరు పెట్టిన లక్షన్నర జాతులలో 1,300 అంటే నూటికి ఒకటి కూడా కాదు. అవి కూడా చాలావరకు కంటికి కనిపించే పుట్టగొడుగులు, లైకెన్లు. మన పెనిసిలియం రూబెన్స్ వంటి బూజులు మదింపు జరగని వరుసలోనే ఉన్నవి.

ఇందుకు కారణం అశ్రద్ధ మాత్రమే కాదు. పులులను లెక్కించవచ్చును, బూజులో ఒక 'వ్యక్తి' ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరు చెప్పగలరు? ఒక్క గదిలోని గాలిలో ఎన్ని సిద్ధబీజాలు ఉన్నవో ఎట్లా లెక్కించగలము? పులికి అభయారణ్యం ఏర్పాటు చేసినట్లు బూజుకు ఏర్పాటు చేయలేము.

జాతిగా చూస్తే దీనికి ప్రమాదం లేదన్నది స్పష్టం. మానవుడు ఉన్నంతకాలం అతని గోడల మీద ఇది ఉంటుంది. అయితే జాతి వేరు, వంశం వేరు. వరి జాతికి ప్రమాదం లేదు, కాని మన తాతల కాలం నాటి ఎన్ని వరి వంగడాలు కనుమరుగైనవో రైతు కుటుంబాల విద్యార్థులకు తెలియును. బూజు సంగతీ అంతే. కుళ్లిన ఖర్బూజాలు లోకంలో కొల్లలు. పియోరియా ఖర్బూజా మీద దొరికిన వంశం మాత్రం ఒక్కటే. అటువంటి వంశం గాజుగొట్టంలో చనిపోతే దానిని అడవి నుండి మళ్లీ తెచ్చుకోలేము. అంతేకాక మాటిమాటికీ ఆహారం మార్చి పెంచిన బూజు క్రమంగా తన గుణాన్ని కోల్పోయి, పెనిసిలిన్ ఇవ్వడం తగ్గించవచ్చును. చూపుకు బ్రతికే ఉంటుంది, పనికి ఉండదు.

అందుకే ఈ జీవులకు అభయారణ్యాలు సూక్ష్మజీవుల భాండాగారాలు. అక్కడ బూజును గడ్డకట్టించి, నీటిని ఆవిరిగా లాగివేసి, గాజు గొట్టాలలో మూసివేస్తారు. లేదా మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో నిద్రపుచ్చుతారు. మన దేశంలో ఇటువంటి భాండాగారాలు చండీగఢ్‌లో, పూనాలో, ఢిల్లీలో ఉన్నవి. మన 2002 నాటి జీవవైవిధ్య చట్టం జీవవనరుల నిర్వచనంలో మొక్కలు, జంతువులతో పాటు సూక్ష్మజీవులను కూడా చేర్చినది. 2012 అక్టోబరులో జీవవైవిధ్యం మీద ప్రపంచ దేశాల మహాసభ మన హైదరాబాదులోనే జరిగినది.

భద్రపరచిన దాని ఫలితం ఎట్లా ఉంటుందో 2020లో తెలిసినది. ఇంగ్లండులోని భాండాగారంలో యాభై ఏళ్లకు పైగా గడ్డకట్టించి ఉంచిన ఫ్లెమింగ్ బూజును శాస్త్రజ్ఞులు మళ్లీ మేలుకొలిపి, దాని జన్యుక్రమాన్ని మొదటిసారిగా పూర్తిగా చదివినారు. అమెరికా కర్మాగారాల వంశంతో పోల్చి చూడగా, పెనిసిలిన్ తయారుచేసే ఎంజైముల జన్యువులలో రెండింటికీ కొన్ని తేడాలు కనిపించినవి. ఈ తేడాలు కొత్త మందులకు దారి చూపవచ్చునని వారి ఆశ. ఎవరో ఒకరు ఆ గొట్టాన్ని పారవేసి ఉంటే ఈ ఆశకు తావు లేదు.

నిజంగా ప్రమాదంలో ఉన్నది ఏది?

బూజు క్షేమమే. అది ఇచ్చిన వరానికి మాత్రం క్షేమం లేదు. అర్ధాంతరంగా, తక్కువ మోతాదులో వాడితే బాక్టీరియా పెనిసిలిన్‌కు అలవాటుపడి ఎదురు తిరుగుతుందని 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే ఫ్లెమింగ్ హెచ్చరించినాడు. లోకం వినలేదు. మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా 2019 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించినారని ఒక పెద్ద పరిశోధన అంచనా వేసినది. జలుబు వైరస్ వల్ల వచ్చేది; దానికి పెనిసిలిన్ పనిచేయదు. అయినా చీటీ లేకుండా దుకాణంలో మాత్రలు కొనడం, రెండు రోజులు మింగి జ్వరం తగ్గగానే మానివేయడం మన ఇళ్లలో నిత్యం జరుగుతున్నదే. మిగిలిన మాత్రలను పొరుగింటివారికి ఇచ్చే దాతృత్వం కూడా మనకు కలదు. పరిరక్షింపవలసినది బూజును మాత్రమే కాదు, దాని శక్తిని కూడా.

చివరగా ఒక విన్నపం

నేను విద్యార్థిగా ఉన్న రోజులలో ఒక ప్రయోగశాలలో మా గురువుగారు మూడేళ్లు శ్రమపడి సేకరించిన నలభై బూజు నమూనాలు ఉండేవి. ఊరి చెరువుగట్టు మట్టి, చింతపండు, ఎండుచేపలు, పాత పుస్తకాల అట్టలు - వీటి నుండి ఒక్కొక్కటిగా వేరుచేసి పేరు రాసి పెట్టినవి. ఒక వేసవి సెలవులలో విద్యుత్తు పోయి శీతలయంత్రం ఆగిపోయినది. తలుపు తెరిచేవారు లేరు. జూన్‌లో వచ్చి చూసేసరికి గొట్టాలన్నీ ఎండిపోయి ఉన్నవి. గురువుగారు ఎవరినీ నిందించలేదు. పేరు చీటీలను మాత్రం ఒక్కొక్కటిగా ఊడదీసి నోటుపుస్తకంలో అంటించుకున్నారు. వాటిలో ఏది ఏ మందుకు పనికివచ్చేదో ఇక ఎవరూ చెప్పలేరు.

ఆ దృశ్యం జ్ఞాపకం ఉన్నందువల్లనే ఈ వ్యాసం వ్రాయడం జరిగినది. మన వృక్షశాస్త్ర ప్రయోగశాలలో కూడా విద్యార్థులు ఏటేటా బూజులను పెంచుతున్నారు, పరీక్షలు కాగానే పారవేస్తున్నారు. ఒక చిన్న శీతలయంత్రం, విద్యుత్తు పోయినప్పుడు దానిని నడిపే ఒక బ్యాటరీ, సెలవులలో వారానికి ఒకసారి తలుపు తెరిచి చూసే ఒక మనిషి - ఈ మూడూ ఉంటే మన ప్రాంతపు మట్టిలోని శిలీంధ్రాలను మనమే భద్రపరచుకొని, మంచివాటిని చండీగఢ్, పూనా భాండాగారాలకు పంపవచ్చును. కళాశాల పాలకవర్గంవారు ఈ విన్నపాన్ని దయతో పరిశీలించగలరని ఆశిస్తున్నాను.

విద్యార్థినీ విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. ఫ్లెమింగ్ పళ్లెం వంటివి ప్రయోగశాలలలో ప్రతి ఏడూ ఎన్నో పాడవుతాయి. పాడైన పళ్లేన్ని కడిగివేసే ముందు ఒక్క నిమిషం వెలుతురులో పెట్టి చూడండి. ఏమి కనిపించినదో తేదీ వేసి వ్రాసిపెట్టండి. డాక్టరుగారు వ్రాసిన మందును చివరి మాత్ర వరకు వాడండి. ఈ రెండు అలవాట్లకూ ఖర్చు లేదు.